గర్భంలో పిండం పెట్టించే ముందే: ఒడిశాలో రాయగడ వైపు సరోగసీకి సిద్ధపడే ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

ఒక జంట కోసం మరో ఆవిడ కడుపులో పిండం పెట్టించి బిడ్డను మోయించడమే సరోగసీ. మా వైపు దాన్ని 'అద్దె గర్భం' అంటారు. ఆ మాట నాకు నచ్చదు, పైగా అది తప్పు కూడా. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న చట్టం అద్దె ఇవ్వడాన్నీ ఒప్పుకోదు, పుచ్చుకోవడాన్నీ ఒప్పుకోదు. వైద్యం, ఇన్సూరెన్స్ లాంటి అనుమతి ఉన్న ఖర్చులే పెట్టాలి. "రెండు లక్షలు ఆవిడకి, లక్ష నాకు" అంటూ గుణుపురం బస్టాండులో ఎవరైనా కలిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

బిడ్డను మోసే ఆవిడకు పెళ్లయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, వయసు 25 నుంచి 35 లోపు ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయాలి. ఆవిడ అండం వాడకూడదు. బిడ్డ కోరే జంటలో భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్లు. భర్త పోయిన ఆడవాళ్లు, విడాకులైన ఆడవాళ్లు 35 నుంచి 45 మధ్య ఉంటే ఒంటరిగానూ వెళ్లవచ్చు.

వయసులు లెక్క చూసుకోవడం తేలికే. ఆవిడ నిజంగా ఒప్పుకుందా అన్నది తేల్చుకోవడమే కష్టం. మా ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు మా అత్తయ్య చిన్నకోడల్ని వంటింట్లో, అన్నం వడ్డిస్తూ అడిగింది. ఆ పిల్ల తల వంచుకుని "సరే అత్తయ్యా" అంది. అలా అన్న సరేని లెక్కలోకి తీసుకోకూడదన్నాను. నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. అయినా ఇప్పటికీ అదే చెప్తాను. ఆవిడను పుట్టింట్లో, మీరెవరూ పక్కన లేనప్పుడు మళ్లీ అడిగించండి. పిండం పెట్టేలోపు ఎప్పుడైనా వద్దనే హక్కు ఆవిడకు ఉంది. ఆ సంగతి మీ నోటితోనే చెప్పండి. తరువాత గర్భం తీయించాలన్నా ఆవిడ రాతపూర్వక ఒప్పుదల, సంబంధిత అధికారి అనుమతి రెండూ కావాలి. బలవంతం కుదరదు.

ఒప్పుదల పత్రం ఆవిడకు అర్థమయ్యే భాషలో ఉండాలని చట్టమే చెప్తోంది. మన దగ్గర ఇక్కడో మెలిక ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడినా, చదువు ఒడియా మీడియంలో సాగినవాళ్లు చాలామంది. విశాఖ ఆసుపత్రిలో తెలుగు కాగితం ఇస్తే తల ఊపి సంతకం పెట్టేస్తారు, ఒక్క అక్షరం చదవలేరు. ఒడియాలో అడగండి. లేదా ఎవరైనా నెమ్మదిగా చదివి వినిపించాలి.

కాగితాల్లో పేర్లు ముందే సరిచూసుకోండి. ఒడియావాళ్ల పద్ధతిలో ఇంటిపేరు చివర, మనకు ముందు. లక్ష్మి అక్కడ లఖ్మి అవుతుంది. ఆధార్‌లో ఒకలా, పెళ్లి కాగితంలో ఒకలా ఉంటే ఒక్క అక్షరం కోసం నెల పోతుంది. మాకు పోయింది. సరోగసీ అవసరమేనని జిల్లా మెడికల్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్, పుట్టే బిడ్డకు తల్లిదండ్రులు ఎవరో చెప్తూ మేజిస్ట్రేటు ఇచ్చే ఉత్తర్వు, మోసే ఆవిడ పేరు మీద 36 నెలల ఇన్సూరెన్స్, ఇవన్నీ పిండం పెట్టకముందే చేతిలో ఉండాలి. రేపు బిడ్డ జనన ధ్రువపత్రానికి ఆ ఉత్తర్వే ఆధారం.

క్లినిక్‌కు సరోగసీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో విడిగా అడగండి. ఐవీఎఫ్‌కు, అంటే టెస్ట్‌ట్యూబ్ బేబీ వైద్యానికి, ఉన్నంత మాత్రాన దీనికి ఉన్నట్టు కాదు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసులో, సరోగసీ బిడ్డని చెప్పి చేతికిచ్చిన పసికందు డీఎన్‌ఏ ఆ జంటతో కలవలేదు. మోసే ఆవిడను మీకు చూపించనంటే అక్కడే అనుమానించండి.

ఇక వానలు. కార్తీకంలో పిండం పెట్టిస్తే నెలలు నిండేసరికి ఆషాఢ శ్రావణాలు వస్తాయి. కోరాపుట్, సాలూరు ఘాట్ రోడ్డు మీద ఆ రోజుల్లో కొండచరియ ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలీదు. ఆఖరి నెల ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే ఉండేలా చూడండి. మనవైపు మలేరియా గర్భిణులను గట్టిగా పట్టుకుంటుంది, దోమతెర మానొద్దు. జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ప్రైమాక్విన్ లాంటి కొన్ని మలేరియా మాత్రలు గర్భిణులకు ఇవ్వరు. అందుకే ఎవరేమనుకుంటారోనని ఆశా దీదీ దగ్గర కడుపు సంగతి దాచకండి. వంశంలో వచ్చే రక్తం జబ్బు సికిల్ సెల్ పరీక్ష కూడా ముందే చేయించండి.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగమైతే 2024 నుంచి మోసిన తల్లికీ, బిడ్డను పొందే తల్లికీ 180 రోజుల సెలవు ఉంది.

జంటకు ఒక మాట. ఆడపిల్ల పుట్టినా, కవలలు పుట్టినా, బిడ్డలో లోపం ఉన్నా వదిలేయడానికి చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

కాన్పయ్యాక మూడో నాలుగో రోజుకి మోసిన ఆవిడకు పాలు పడతాయి, పక్కలో బిడ్డ ఉండదు. ఒళ్లు నొప్పి ఒకటి, దిగులు ఒకటి. ఆ వారం ఆవిడను ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చూపించండి, వాళ్లమ్మ దగ్గర ఉంటే మరీ మంచిది. ఆవిడ సొంత పిల్లలకు కూడా ముందే చెప్పాలి. ఐదేళ్లవాడు అమ్మ పొట్ట చూసి, తమ్ముడొస్తున్నాడని బడంతా చెప్పేసుకుంటాడు.