మూతి ఒక పక్కకు వంగిందా? ముందు నుదురు చూడండి

రెండేళ్ల కిందట ఒక ఉదయం మా అక్క పళ్లు తోముకుని పుక్కిలించబోతే నీళ్లు నోట్లో నిలవలేదు, ఎడమ మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను మూతపడటం లేదు. నవ్వబోతే మూతి కుడివైపు లాగుతోంది. ఇంట్లో ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు పక్షవాతమన్నారు, ఇంకొకరు పసరు పోసే ఊరి పేరు చెప్పారు. ఆ గందరగోళంలో సగం రోజు గడిచిపోయింది. మీ ఇంట్లో అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

మూతి వంగింది, నుదురు బాగానే ఉంది

కనుబొమలు పైకెత్తమనండి. నుదుటి మీద రెండు వైపులా ముడతలు పడుతూ మూతి మాత్రమే వంగి ఉంటే మెదడులో పక్షవాతం వచ్చిందేమో అనుకోవాలి. నుదుటి కండరాలకు మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి ఒక సగం దెబ్బతిన్నా నుదురు కదులుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందును మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే మనిషి మామూలుగా ఉండగా చివరిసారి చూసింది ఎన్ని గంటలకో గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పండి.

నుదురు కదలకపోయినంత మాత్రాన మెదడుకు ఏమీ కాలేదని నిర్ధారించుకోకూడదు. చేయి, కాలు పట్టు తప్పినా, మాట తడబడినా, తూలుతున్నా, ఒకటి రెండుగా కనిపించినా అదీ 108 పిలవాల్సిన పరిస్థితే.

నుదురుతో సహా సగం ముఖం కదలడం లేదు

ఎక్కువమందిలో ఇది బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే ఏడో కపాల నాడి చెవి దగ్గర ఎముకలోని సన్నటి సొరంగం గుండా బయటికి వస్తుంది. అది వాచితే ఆ ఇరుకులో నలిగిపోతుంది. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ మళ్లీ విజృంభించడం వల్ల ఈ వాపు వస్తుందని వైద్యులు భావిస్తున్నారు. మధుమేహం ఉన్నవారికి, నెలలు నిండుతున్న గర్భిణులకు ముప్పు ఎక్కువ. ముందు రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నందుకు అక్క తనను తానే తిట్టుకుంది. అందులో ఆమె తప్పేమీ లేదు.

దీనికి మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. స్కాట్లాండ్‌లో జరిపి 2007లో వెలువరించిన అధ్యయనంలో ఈ మందు వాడినవారిలో 94 శాతం మంది తొమ్మిది నెలలకు పూర్తిగా కోలుకున్నారు. వాడనివారిలో ఆ లెక్క 82 శాతం. పసరు వేయించుకున్నవాళ్లకూ నయం కావడం చూస్తుంటాం. మందు లేకుండానే చాలామందికి తగ్గే జబ్బు కాబట్టి ఆ పేరు పసరుకు దక్కుతోంది. అయితే స్టెరాయిడ్‌తో రక్తంలో చక్కెర పెరుగుతుంది. సొంతంగా కొని వేసుకోవద్దు, మధుమేహం ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

కన్ను మూతపడటం లేదు

ముఖం దానంతట అదే సర్దుకోవచ్చు గానీ, ఎండిపోయిన నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు పోవచ్చు. మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, కంటి డాక్టరు చెప్పేదాకా. పగలు కన్నీటి చుక్కలు తరచుగా వేయాలి, బయటికి వెళితే కళ్లద్దాలు పెట్టుకోవాలి. రాత్రి కంటి ఆయింట్‌మెంట్ రాసి రెప్ప మూసి టేపు వేయాలి. బావ రోజూ చూపుడువేలితో రెప్పను మెల్లగా కిందికి దించి, వెంట్రుకలు లోపలికి మడత పడలేదని చూసుకుని, కాగితపు టేపు అడ్డంగా అంటించేవాడు. సగం తెరిచి ఉన్న కంటి మీద నేరుగా దూది పెట్టకండి, గుడ్డుకు రాసుకుంటుంది. కంట్లో ఏ పసరూ పోయనివ్వకండి. ఎరుపు, నొప్పి, మసక కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

చెవిలో పొక్కులు, తీవ్రమైన నొప్పి

ఇది ఆటలమ్మ వైరస్ మళ్లీ లేవడం వల్ల వచ్చే రామ్సే హంట్ జబ్బు. స్టెరాయిడ్‌తో పాటు వైరస్ మందు కూడా త్వరగా మొదలుపెట్టాలి. చెవిలో చీము ఉంటే చెవి డాక్టరుకు చూపించండి.

వారాల తరబడి మెల్లగా పెరుగుతోంది

బెల్స్ పాల్సీ ఇలా రాదు, మూడు రోజుల్లోపే ముదురుతుంది. మెల్లగా పెరుగుతుంటే చెవి ముందు లాలాజల గ్రంథిలో గడ్డ ఉందేమో చూడాలి. చర్మం మీద స్పర్శ లేని మచ్చలుంటే కుష్ఠు కావచ్చు. దాన్ని దాచుకోనక్కర్లేదు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం.

తింటుంటే కన్ను దానంతట అదే మూసుకుంటోంది

నరం మళ్లీ పెరిగేటప్పుడు కొన్ని పోగులు దారి తప్పి వేరే కండరానికి అతుక్కుంటాయి. బలవంతంగా కండరాలు బిగించే వ్యాయామాలు దీన్ని మరింత పెంచుతాయి. అద్దం ముందు కూర్చుని చిన్న చిన్న కదలికలు నెమ్మదిగా సాధన చేయించే ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లండి. అవసరమైతే కండరాల బిగువు తగ్గించే బొటాక్స్ సూదులూ ఉన్నాయి. బెల్స్ పాల్సీ వచ్చిన చాలామందికి మూడు వారాల్లోనే ముఖంలో కదలిక మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే మళ్లీ చూపించండి. మూడు నెలలకూ పూర్తిగా తగ్గకపోతే నరాల నిపుణుడిని కలవండి.