స్మోక్ డిటెక్టర్ పాఠాలు – 4: బ్యాటరీ తీసినవాళ్లే పెట్టాలి

పోయిన పాఠంలో స్మోక్ డిటెక్టర్, అంటే పొగను పసిగట్టి మోగే పరికరం, టెస్ట్ బటన్ నొక్కి చూడమన్నాను. చాలామంది నొక్కారు, సంతోషం. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలు చూశాక, ఈసారి చెబుదామనుకున్న వైరింగ్ సంగతి పక్కన పెట్టాల్సి వచ్చింది. దాదాపు అందరిదీ ఒకటే గొడవ: "బటన్ నొక్కితే బాగానే మోగింది. తెల్లవారుజామున మాత్రం ఉండుండి కీచుమంటోంది. నిద్ర పట్టక బ్యాటరీ తీసేశాం."

ముందు ఆ బ్యాటరీ సంగతి చూసి రండి. పాఠం ఎక్కడికీ పోదు.

ఆ కీచు శబ్దం వేరు, మంటల అలారం వేరు. గట్టిగా మూడు బీప్‌లు, కాస్త విరామం, మళ్లీ మూడు బీప్‌లు వస్తే పొగ వచ్చిందని. అదే పరికరం కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువును కూడా పట్టేదైతే దానికి నాలుగేసి బీప్‌లు వస్తాయి. రెండింటికీ బయటికి పరుగెత్తాల్సిందే. 30 నుంచి 60 సెకన్లకు ఒక్కసారి వచ్చే పొట్టి కీచు మాత్రం సాధారణంగా బ్యాటరీ అయిపోవస్తోందని, లేదా డిటెక్టర్‌లోనే ఏదో తేడా ఉందని చెప్పడానికి. పాత మోడళ్లలో ఈ శబ్దాలు కొంచెం వేరుగా ఉండొచ్చు, కాబట్టి దానితో వచ్చిన కాగితం ఒకసారి చూసుకోండి.

తెల్లవారుజామునే ఎందుకంటే, ఆ వేళకి గది చల్లబడుతుంది. చల్లబడితే బ్యాటరీ వోల్టేజ్ తగ్గుతుంది. సగం అయిపోయిన బ్యాటరీ సరిగ్గా ఆ సమయానికి హద్దు దాటి కిందికి పడుతుంది. పొద్దెక్కి గది వెచ్చబడగానే కీచు ఆగిపోతుంది, "అదే సర్దుకుంది" అనుకుంటారు. సర్దుకోలేదు. మర్నాడు మళ్లీ మొదలవుతుంది.

ఇంతకీ ఆ రాత్రి కొత్త బ్యాటరీ లేకపోతే ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. తలుపు వేసుకుని పడుకోండి. కీచు మొదలైన తర్వాత కూడా కొన్ని రోజులు పొగను పట్టి మోగేలాగే దాన్ని తయారుచేస్తారు. బ్యాటరీ తీసేస్తే ఆ కొన్ని రోజులు కూడా ఉండవు.

నాకు కోపం తెప్పించేది ఇదే, అందుకే విడమరిచి చెబుతున్నాను. ఒక్కరే ఉండే ఇంట్లో బ్యాటరీ తీసినవాడికి తీసిన సంగతి గుర్తుంటుంది. నలుగురు ఉండే ఇంట్లో ఒకరు తీసి టేబుల్ మీద పెడతారు. రెండోవాళ్లు చూసి "ఎవరో మారుస్తున్నారులే" అనుకుంటారు. అది పెన్సిల్ సెల్ అయితే మూడోవాళ్లు టీవీ రిమోట్‌లో వేసేస్తారు. నాలుగోవాళ్లు కొత్తగా చేరినవాళ్లు, పైన తెల్లగా గుండ్రంగా కనిపించేది పనిచేస్తోందనే నమ్మకంతో పడుకుంటారు. వంట చేసేటప్పుడు ప్లాస్టిక్ కవర్ తొడిగి మర్చిపోవడం కూడా ఇంతే. కాబట్టి మీ ఇంట్లో ఒక్క నియమం పెట్టుకోండి: బ్యాటరీ తీసినవాళ్లే, నిచ్చెన దిగకముందే, కొత్తది పెట్టాలి. నేనైతే చేతిలో కొత్త బ్యాటరీ లేకుండా నిచ్చెనే ఎక్కను. స్పేర్ ఒకటి కరెంటు బోర్డు పక్కన టేపుతో అతికించి ఉంచుతాను, కొన్న నెల దానిమీదే రాసి. రీఛార్జబుల్ బ్యాటరీలు వాడను, మీరూ వాడొద్దు. తయారీదారు ప్రత్యేకంగా వాడొచ్చని చెబితే తప్ప.

కొత్త బ్యాటరీ వేసినా కీచుమంటోందా? పాత ఛార్జ్ లోపల మిగిలి ఉండొచ్చు. బ్యాటరీ తీసి, టెస్ట్ బటన్‌ను 15–20 సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టండి. మూత పూర్తిగా పడిందో లేదో, బ్యాటరీ మీది ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. ఆ తర్వాత డిటెక్టర్ తిప్పి వెనక ముద్రించిన తయారీ తేదీ చదవండి. 10 ఏళ్లు దాటితే ఎన్ని బ్యాటరీలు మార్చినా లాభం లేదు, డిటెక్టర్ మార్చాల్సిందే. అన్నీ సరిగ్గా ఉంటే, కీచుమంటోంది అసలు అదేనా అని చూడండి. ఒక్కోదాని కింద నిమిషం సేపు నిలబడితే తెలిసిపోతుంది. కరెంటుతో నడిచేదాంట్లో కూడా లోపల బ్యాకప్ బ్యాటరీ ఉంటుంది, మెయిన్ ఆపినంత మాత్రాన కీచు ఆగదు.

వంట పొగకి మోగితే హష్ బటన్ (అలారాన్ని కాసేపు ఆపేది) నొక్కి కిటికీ తెరవండి. చాలా మోడళ్లలో టెస్ట్ బటనే హష్ బటన్. దాదాపు 10 నిమిషాల తర్వాత అదే మళ్లీ మామూలు స్థితికి వస్తుంది, అందుకే బ్యాటరీ తీయడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. రోజూ మోగుతుంటే అది పొయ్యికి మరీ దగ్గరగా ఉందన్నమాట. కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. కాంతితో పనిచేసే ఫోటోఎలక్ట్రిక్ రకానికి మారినా ఈ బాధ బాగా తగ్గుతుంది. నా ఓటు ఎప్పుడూ దానికే. దాని లోపల చీకటి గదిలో ఒక కాంతిపుంజం ఉంటుంది. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము మెరిసినట్టు, పొగ ఆ కాంతిని చెదరగొట్టి సెన్సర్ మీద పడేస్తుంది. దుమ్ము, పురుగు దూరినా అదే పని చేస్తాయి. అందుకే అప్పుడప్పుడు వాక్యూమ్ క్లీనర్ మెత్తటి బ్రష్‌తో పైపైన శుభ్రం చేయాలి. నీళ్లు, స్ప్రేలు, రంగులు దాని దగ్గరికి రానీయకండి.

హాస్టల్లో ఉన్నవాళ్లకు ఒక్క మాట. మీ సీలింగ్‌కున్నది భవనం మొత్తానికీ ఉండే ఫైర్ అలారం ప్యానెల్‌కి కలిపినదైతే దాన్ని ముట్టుకోవద్దు. వార్డెన్‌కి రాతపూర్వకంగా, ఫోటోతో సహా చెప్పండి. అద్దె ఇంట్లో ఓనర్‌కి కూడా అంతే. ఎవరు ఏది చేయాలో స్థానిక నిబంధనల్లోనూ, అద్దె ఒప్పందంలోనూ చూసుకోండి. నెలకోసారి బటన్ నొక్కడం మాత్రం ఇంట్లో ఉండేవాళ్ల పనే అనుకోండి, ఎవరూ వచ్చి నొక్కరు.

అభ్యాసం. ఈసారిది కొంచెం కష్టం. ఇంట్లో అందరికీ ముందే చెప్పి, ఒప్పించి చేయండి. రాత్రి ఎవరి గదిలో వాళ్లు తలుపులు వేసుకుని, ఫ్యాన్ పెట్టుకుని, రోజూ పడుకునేట్టే పడుకోవాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే అలవాటుంటే అవీ పెట్టుకోవాలి. ఒకరు హాల్లోని డిటెక్టర్ టెస్ట్ బటన్ నొక్కాలి. అలారం 3 మీటర్ల దూరంలో సుమారు 85 డెసిబెల్స్ ఉంటుంది, మూసిన తలుపు దాన్ని చాలా తగ్గిస్తుంది. ఎవరికి మెలకువ రాలేదో, ఎవరికి సన్నగా వినిపించిందో రాసుకోండి. వినికిడి తక్కువ ఉన్నవాళ్లకు లైటు మెరిసే, పరుపు కదిలించే పరికరాలు ఉన్నాయి, వాళ్ల సంగతి విడిగా చూద్దాం. మెలకువ రాని గది ఏదో, అక్కడి నుంచి హాల్లోని డిటెక్టర్‌కి మధ్య ఎన్ని తలుపులున్నాయో పంపండి. ఆగిపోయిన వైరింగ్ పాఠం వచ్చేసారి ఆ గదులతోనే మొదలుపెడతాను.