ఫాంటసీ బాస్కెట్‌బాల్ లీగ్‌లో డ్రాఫ్ట్ వరుస: తగాదాలు, కారణాలు, పరిష్కారాలు

ఫాంటసీ లీగ్ అంటే నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, వారి అసలు గణాంకాలతో పోటీపడే ఆట. సభ్యులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడమే డ్రాఫ్ట్. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సీజన్ అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి ఫాంటసీ లీగుల డ్రాఫ్టులు చాలావరకు దానికి కాస్త ముందే జరుగుతాయి, వరుస గురించిన తగాదాలూ అప్పుడే పుడతాయి. పైకి అవి ఎవరికి ఏ నంబరు వచ్చిందన్న గొడవల్లా కనిపించినా, తరచి చూస్తే ఆ నంబరు ఏ నియమం ప్రకారం, ఎప్పుడు, ఎవరి ఎదుట వచ్చిందన్న దగ్గరే అసలు చిక్కు ఉంటుంది. కింది లెక్కలన్నీ 12 జట్ల లీగ్‌కు వర్తిస్తాయి.

సమస్య: మొదటి వంతు కమిషనర్‌కే (లీగ్ నిర్వాహకుడికే) వచ్చింది, ఎవరూ నమ్మడం లేదు

కారణం: న్యాయంగా తీసినా 12లో ఒక వంతు అవకాశం ఆయనకూ ఉంటుంది కనుక ఫలితం ఒక్కటే మోసానికి రుజువు కాదు. అయితే ఆయన ఒక్కరే కూర్చుని, ఏదో వెబ్‌సైటులో పేర్లు కలిపి, స్క్రీన్‌షాట్ మాత్రమే వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉంటే, అది మొదటిసారి వచ్చిన వరుసో, నచ్చేదాకా బటన్ నొక్కగా వచ్చిన వరుసో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

పరిష్కారం: అందరూ చూస్తుండగా వీడియో కాల్‌లో, కమిషనర్ కాని వ్యక్తి చేత, ఒకే ఒక్కసారి చీటీలు తీయించాలి. అందరూ ఒకే సమయానికి కుదరకపోతే, ఎవరి చేతిలోనూ లేని అంకెకు వరుసను ముడిపెట్టవచ్చు. సభ్యుల పేర్లను అక్షరక్రమంలో రాసి, ఫలానా ప్రీసీజన్ మ్యాచ్‌లో రెండు జట్ల మొత్తం స్కోరును 12తో భాగించగా వచ్చే శేషం ఎవరి సంఖ్య అయితే వారితో వరుస మొదలవుతుందని మ్యాచ్‌కు ముందే ప్రకటించాలి. స్కోరు 112-105 అయిందనుకుంటే మొత్తం 217, శేషం 1, కాబట్టి జాబితాలో మొదటి పేరుతోనే వరుస ఆరంభమవుతుంది. శేషం సున్నా వస్తే 12వ పేరుతో మొదలుపెట్టాలి.

సమస్య: చివరి వంతు వచ్చినవారు తమకు అన్యాయం జరిగిందంటున్నారు

కారణం: ముందుగా సెట్టింగ్ చూడాలి. ప్రతి రౌండులోనూ 1 నుంచి 12 వరకు ఒకే వరుస నడుస్తుంటే ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనదే. ఆటగాళ్లను ఏళ్ల తరబడి అట్టిపెట్టుకునే డైనస్టీ లీగుల్లో కొత్త ఆటగాళ్ల డ్రాఫ్టుకు ఆ పద్ధతిని కావాలనే పెట్టుకుంటారు గానీ, అందరూ ఖాళీ జట్టుతో మొదలుపెట్టే లీగ్‌కు అది పనికిరాదు. ఇక్కడ రౌండు రౌండుకూ వరుస తిరగబడే స్నేక్ పద్ధతి ఉండాలి.

స్నేక్ ఉన్నా ఫిర్యాదు ఆగకపోవడానికి కారణం ఉంది. మొదటి జట్టుకు 1, 24 పిక్‌లు (ఎంపిక వంతులు), చివరి జట్టుకు 12, 13 పిక్‌లు వస్తాయి. రెండింటి మొత్తమూ 25 కనుక కాగితం మీద సమానంగానే కనిపిస్తాయి. కానీ ఆటగాళ్ల విలువ మెట్టు మెట్టుకూ ఒకే కొలతలో తగ్గదు. 2024-25 సీజన్ మొత్తానికి సగటున ట్రిపుల్ డబుల్ (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడింటిలోనూ పదికి పైగా) సాధించిన నికోలా యోకిచ్ లాంటి ఆటగాడికీ అతని తర్వాతివారికీ ఉండే అంతరం, 23వ, 24వ ఆటగాళ్ల మధ్య ఎన్నడూ ఉండదు. పైగా మూడో రౌండులో 25వ పిక్ కూడా మొదటి జట్టుకే దక్కుతుంది, చివరి జట్టు 36 దాకా ఆగాలి.

పరిష్కారం: మూడో రౌండును తిరగేయకుండా, రెండో రౌండు వరుసనే అందులోనూ ఉంచి, నాలుగో రౌండు నుంచి మళ్లీ స్నేక్ కొనసాగించాలి. అప్పుడు మొదటి జట్టుకు 1, 24, 36, 37, చివరి జట్టుకు 12, 13, 25, 48 వస్తాయి. నాలుగు పిక్‌ల మొత్తం మామూలు స్నేక్‌లోనూ ఇందులోనూ ఎవరికైనా 98 మాత్రమే. మారేది మంచి పిక్‌లు ఎవరికి ముందు దక్కుతాయన్నదే. అగ్రస్థానంలో ఒకరిద్దరు మిగతావారికి అందనంత ఎత్తున ఉన్న ఏడాదికి ఈ మార్పు సరిపోతుంది. మొదటి ఏడెనిమిది మంది దాదాపు సమానంగా ఉన్న ఏడాదిలో మాత్రం ఇది మొదటి జట్టును అనవసరంగా దెబ్బతీస్తుందని నా అభిప్రాయం. అలాంటప్పుడు చీటీలో వచ్చిన క్రమంలో సభ్యులే తమకు నచ్చిన స్థానాన్ని ఎంచుకునేలా చేయడం మేలు. వరుస గొడవే వద్దనుకుంటే, తలా 200 డాలర్ల ఊహా బడ్జెట్‌తో వేలం పెట్టుకోవచ్చు. సమయం మాత్రం బాగా ఎక్కువ పడుతుంది.

సమస్య: ప్లేఆఫ్స్‌కు దూరమైన జట్లు కావాలని ఓడిపోతున్నాయి

కారణం: చివరి స్థానంలో నిలిచినవారికి వచ్చే ఏడాది మొదటి పిక్ ఖాయమని నియమం చెబుతుంటే, గాయపడిన ఆటగాళ్లను బరిలో వదిలేసి ఓడడమే తెలివైన పని అవుతుంది. ఏటా ఆటగాళ్లందరినీ వదిలేసే లీగుల్లో ఈ నియమానికి అసలు అర్థమే లేదు, ఎందుకంటే నిరుటి బలహీనత ఈ ఏటికి బదిలీ కాదు. దాన్ని తీసేయాలి.

పరిష్కారం: ఆటగాళ్లను అట్టిపెట్టుకునే లీగుల్లో లాటరీ పెట్టాలి. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టుకూ ఇదే బెడద ఉండడంతో, అంతకుముందు అట్టడుగు జట్టుకు 25 శాతంగా ఉన్న మొదటి పిక్ అవకాశాన్ని 2019లో 14 శాతానికి తగ్గించి, కింది మూడు జట్లకూ సమానం చేశారు. 2025లో కేవలం 1.8 శాతం అవకాశమున్న డల్లాస్ జట్టు మొదటి పిక్ గెలిచి కూపర్ ఫ్లాగ్‌ను తీసుకుంది. మన లీగ్‌లో ప్లేఆఫ్స్‌కు చేరని ఆరు జట్లలో 10, 11, 12 స్థానాలకు నాలుగేసి, 9కి మూడు, 8కి రెండు, 7కి ఒకటి చొప్పున 18 చీటీలు వేస్తే, పదో స్థానం నుంచి పన్నెండుకు దిగజారినా అదనంగా ఒక్క చీటీ కూడా రాదు. నియమాన్ని సీజన్ నడుమ మార్చకూడదు, తర్వాతి ఏడాది నుంచే అమలు చేయాలి.

సమస్య: డ్రాఫ్ట్ గదిలో కనిపించిన వరుస, ఒప్పుకున్న వరుస ఒకటి కావు

కారణం, పరిష్కారం: లీగ్ నడిచే సైటులో వరుసను యాదృచ్ఛికంగా నిర్ణయించే సెట్టింగ్ అలాగే ఉండిపోయి ఉంటుంది, లేదా ఇచ్చిపుచ్చుకున్న పిక్‌లను నమోదు చేసి ఉండరు. వరుసను చేతితో నమోదు చేసి, ముందు రోజే అందరికీ చూపించాలి. డ్రాఫ్ట్ మొదలయ్యాక తేడా కనబడితే వెంటనే ఆపి, సరిచేసి, తొలి పిక్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

సమస్య: తన వంతు వచ్చేసరికి సభ్యుడు లేడు, ఆటోపిక్ (సభ్యుడి బదులు సైటే చేసే ఎంపిక) ఎవరినో తీసుకుంది

కారణం, పరిష్కారం: సభ్యులు కొందరు అమెరికాలో, కొందరు హైదరాబాదులో ఉన్న లీగుల్లో ఇది మామూలే. అక్టోబరులో న్యూజెర్సీలో ఆదివారం రాత్రి 9 గంటలైతే ఇక్కడ సోమవారం ఉదయం 6:30 అవుతుంది కనుక, ప్రకటనలో రెండు సమయాలనూ వారం పేరుతో సహా రాయాలి. రాలేనివారు ఇష్టమైన ఆటగాళ్ల జాబితాను ముందే సైటులో పెట్టుకోవాలి. వారి కోసం వరుసను మార్చడం గానీ, ఆటోపిక్‌ను రద్దు చేయడం గానీ కుదరదని నియమాల్లో ముందే రాసి ఉండాలి.