కంప్రెసర్ పోయాక కారు ఏసీ ఇంట్లోనే ఫ్లష్ చేసా

కంప్రెసర్ లోపల అరిగి ఆ లోహపు రజనంతా లైన్లలోకి వెళ్ళిపోయింది, ఇలాంటప్పుడు కొత్త కంప్రెసర్ ఒక్కటే పెడితే అదీ పోతుంది. ముందు గ్యాస్ రికవరీ మెషీన్ ఉన్నవాళ్ళతో తీయించేసా, గాల్లోకి వదలకూడదు. తర్వాత పైపులు, ఇవాపరేటర్ (క్యాబిన్ గాలిని చల్లబరిచే భాగం) విడివిడిగా ఫ్లష్ సాల్వెంట్ పోసి ఎయిర్‌తో కొట్టా, మొదట నల్లగా వచ్చింది, తేటగా వచ్చేదాకా కొట్టి ఆ తర్వాత చాలాసేపు ఒట్టి గాలే పెట్టా ఎందుకంటే సాల్వెంట్ మిగిలితే కొత్త ఆయిల్ పాడవుతుంది. డ్రయ్యర్ (తేమ పీల్చేది), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ఇవాపరేటర్‌లోకి గ్యాస్ ఎంత వెళ్ళాలో చూసేది) మార్చేయడమే. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) కూడా అంతే, ఇప్పటివాటిల్లో దారులు మరీ సన్నం, రజను పూర్తిగా బయటికి రాదు. కొత్త ఓరింగులకి ఆయిల్ రాసి బిగించి, పీఏజీ ఆయిల్ (కంప్రెసర్‌కి వాడే ఆయిల్) మాన్యువల్‌లో చెప్పినంతే పోసి, లోపలి గాలి, తేమ పోవడానికి 45 నిమిషాలు వాక్యూమ్ పెట్టా. పంప్ ఆపాక గేజ్ ముల్లు కదల్లేదు, అంటే లీకు లేనట్టే. ఆర్134ఎ గ్యాస్ మాత్రం తూచే ఎక్కించా.