ఈబేలో పాత ఐసీ వెతుక్కోవడం

కావలిలో మైక్‌సెట్లు రిపేరు చేస్తాను. ఆంప్లిఫయర్‌లో శబ్దం పెంచే ఎల్‌ఏ4440 అనే ఐసీ (చిప్) కాలిపోతే, ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబేలో వెతుకుతాను. సెర్చ్‌లో నంబరు కొట్టి, ఖాళీ వదిలి, కిట్, బోర్డ్ అనే మాటల ముందు మైనస్ గుర్తు పెట్టండి. చాలా చెత్త పోతుంది.

తక్కువ ధరవి ముందు రమ్మంటేనే చిరాకు. పైన ఒక డాలరే కనిపిస్తుంది. తెరిస్తే అది అదే ప్రకటనలో పెట్టిన స్క్రూల ధర, ఐసీది వేరే! అలాంటి వాళ్ల ఐడీని అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఎక్స్‌క్లూడ్ చేసేయండి, ఆ వెతుకులాటలో పీడ విరగడవుతుంది.

ఫొటో పెద్దది చేసి ఐసీ 14 కాళ్లూ చూడండి. సోల్డర్ (టంకం) అంటుకుని ఉంటే పాత బోర్డు నుంచి పీకిందే. పైభాగం గీరి నంబరు మళ్లీ అచ్చేసినవీ ఉంటాయి. ఫొటో మసగ్గా ఉంటే నేనైతే కొనను. షిప్పింగ్, కస్టమ్స్ కూడా లెక్కేసుకోండి.