స్వెట్టర్ కొలతకు రావడం లేదా? ముందు సూది మీద నంబరు చూడండి

ఊలు షాపు కౌంటర్ దగ్గర కూర్చుంటే రోజూ వినపడే మాట ఇది: "ప్యాటర్న్‌లో ఉన్నట్టే అల్లానండీ, అయినా సైజు రాలేదు." వెంటనే నింద ఊలు మీదికో, ప్యాటర్న్ రాసినవాళ్ల మీదికో పోతుంది. పాపం, తప్పు చాలాసార్లు వాళ్లది కాదు. నిట్, పర్ల్ (అల్లికలో రెండు మూల కుట్లు) వచ్చినవాళ్ల కోసమే రాస్తున్నాను కాబట్టి అల్లడం ఎలాగో ఇక్కడ చెప్పను.

శాంపిల్ ముక్క అల్లారా?

లేదా? అయితే మిగతాదంతా తర్వాత చదువుదురుగాని, ముందు అదే ఊలు, అదే సూదితో చిన్న ముక్క అల్లి చూడండి. పదిమందిని అడిగితే తొమ్మిదిమంది "నా చెయ్యి ఎప్పుడూ ఒకేలా ఉంటుందండీ" అంటారు. ఉండొచ్చు. మీ చెయ్యీ ప్యాటర్న్ రాసిన మనిషి చెయ్యీ ఒకటి కాదు కదా.

లెక్క చూడండి. ప్యాటర్న్‌లో 10 సెం.మీ.కి 22 లూపులు రావాలని ఉంది. మీకు 20 వస్తున్నాయి. రెండే కదా అనిపిస్తుంది. ఛాతీ చుట్టుకొలత 100 సెం.మీ. కోసం 220 లూపులు వేసుకుంటే, మీ చేతికి అది 110 సెం.మీ. అవుతుంది. అంటే నాలుగు అంగుళాలు ఎక్కువ. అబ్బాయికని మొదలుపెట్టింది వాళ్ల నాన్నకు సరిపోతుంది.

ముక్క కనీసం 15 సెం.మీ. వెడల్పు ఉండాలి. సూది మీద ఉండగా కొలవకండి, తీసేసి బల్ల మీద లాగకుండా పరచండి. అంచుల్లో లూపులు ఎప్పుడూ కాస్త అటూఇటూగా ఉంటాయి, వాటిని వదిలేసి మధ్యలో స్కేలు పెట్టి లెక్కపెట్టండి. సగం లూపు వస్తే సగమే రాసుకోండి. లూపులు ఎక్కువ వస్తే లావు సూది, తక్కువ వస్తే సన్న సూది. "కాస్త వదులుగా అల్లుతాలెండి" అనేది పరిష్కారం కాదు. నాలుగు వరసలు పోయేసరికి చెయ్యి తన దారికి వచ్చేస్తుంది.

ముక్క అల్లినప్పుడు తేడా ఒకటి రెండు లూపులైతే సూది మార్చుకుంటే పని అయిపోతుంది. నాలుగు, ఐదు, ఆరు లూపుల తేడా వస్తేనే కింది సంగతి.

ప్యాటర్న్‌లో చెప్పిన నంబరు సూదే వాడాను, అయినా ఇంత తేడానా?

ఇక్కడే ఉంది అసలు మెలిక. నంబర్లలో రెండు పద్ధతులున్నాయి, అవి ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి.

మన షాపుల్లో ఎప్పటినుంచో నడుస్తున్నవి పాత బ్రిటిష్ నంబర్లు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మి.మీ., 10 అంటే 3.25, 12 అంటే 2.75. అమెరికాలో దీనికి పూర్తిగా తిరగేసి, నంబరు పెరిగేకొద్దీ సూది లావవుతుంది. అక్కడ 8 అంటే 5 మి.మీ., 10 అంటే 6 మి.మీ. సూది తల మీద ఆ అంకె ఒక్కటే చెక్కి ఉంటే అది ఏ దేశపు పద్ధతో తెలిసే దారి లేదు.

షాపుకి ఎప్పుడూ వచ్చే ఒక పెద్దావిడ కూతురి పురుడుకని న్యూజెర్సీ వెళ్లారు. మనవడికి స్వెట్టర్ అల్లుదామని అక్కడే ఊలూ, సూదులూ కొన్నారు. తర్వాత వీడియో కాల్. "అమ్మాయ్, ఇక్కడి ఊలు అసలు మంచిది కాదే. వల అల్లినట్టు వస్తోంది" అన్నారు. ఏం సూదులు వాడుతున్నారని అడిగితే, "10 నంబరే. పసిపిల్లలకి నేను వేరేది వాడనని నీకు తెలుసుగా" అన్నారు. "పిన్నిగారూ, ప్యాకెట్ మీద మి.మీ. అని ఎంతుందో చదవండి" అన్నాను. కళ్లజోడు వెతుక్కుని చూశారు. 6.0 అని ఉంది. చేతికి అలవాటైన 3.25 ఎక్కడ, ఈ 6 ఎక్కడ. దాదాపు రెండింతల లావు. అల్లిన ముక్కను కెమెరా ముందు పెట్టినప్పుడు లూపుల సందుల్లోంచి ఆవిడ బొటనవేలు కనిపిస్తోంది. ఆ సూదులు అంత లావున్నా ఆవిడకు అనుమానం రాలేదు, ఎందుకంటే తల మీద 10 అనే ఉంది మరి.

ఇది లావు సూది కథ కాబట్టి త్వరగానే బయటపడింది. తిరగబడిన కథ ఇంకా మోసకారిది. ఇంటర్నెట్‌లో దొరికిన అమెరికన్ ప్యాటర్న్‌లో 8 నంబరు సూది అని ఉంటుంది. ఇక్కడ షాపుకి వచ్చి 8 అడుగుతారు, మన 8 ఇస్తారు. 5 మి.మీ. బదులు 4 మి.మీ. వచ్చింది. కంటికి తేడా తెలియదు. అల్లిక కూడా బిగువుగా, చూడ్డానికి ముచ్చటగా వస్తుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 10 సెం.మీ.కి 18 లూపులు రావాల్సిన చోట 22 వచ్చాయనుకోండి. 90 సెం.మీ. కోసం వేసుకున్న 162 లూపులు 74 సెం.మీ. కూడా ఇవ్వవు. ఆ సంగతి తెలిసేది ముందు వెనక భాగాలు కలిపి కుట్టాక, తల దూర్చబోయినప్పుడు.

దీనికి తోడు ఇంకో తమాషా. 7 నంబరు ఒక్కటే రెండు పద్ధతుల్లోనూ 4.5 మి.మీ. మొదటిసారి 7తో అల్లినవాళ్లకు అన్నీ సరిగ్గా కుదురుతాయి. "అమెరికా ప్యాటర్నే అల్లాను, నంబర్లు ఒకటేనండీ, ఏ తేడా రాలేదు" అని నాతో వాదించినవాళ్లంతా 7 నంబరు వాళ్లే.

గుర్తుపెట్టుకోవడానికి ఒక చిట్కా: 14లోంచి తీసేయండి. అమెరికా 8కి మన 6. అమెరికా 6కి మన 8. అక్కడి 9 ఇక్కడి 5, అక్కడి 10 ఇక్కడి 4. అక్కడి 2కి ఇక్కడి 12. మన 4 నుంచి 12 వరకు చూస్తే తప్పేది 10, 11ల దగ్గరే. మన 10 అక్కడ 3 అవుతుంది. మన 11 అంటే 3 మి.మీ., దానికి అక్కడ సరిసమానమైన పూర్ణాంకం లేదు. ఈ లెక్క కూడా చేతిలో ఇంకేమీ లేనప్పుడే. షాపులో నంబరు చెప్పి అడగకండి, మిల్లీమీటర్లు చెప్పి అడగండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు మొహం చిట్లించినా పట్టించుకోవద్దు.

మరి అమ్మమ్మ కాలంనాటి సూదులు? తల మీద నంబరు అరిగిపోయి ఉంటుంది, లేదా తలే ఊడిపోయి ఉంటుంది. సూదుల కొలతకని రంధ్రాలున్న పలక దొరుకుతుంది, ఏ రంధ్రంలో సరిగ్గా పడితే అది సైజు. అది లేకపోతే కుట్టు దారం తీసుకుని సూది చుట్టూ 10 చుట్లు పక్కపక్కనే, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా చుట్టండి. విప్పి పొడవు కొలవండి. 10 సెం.మీ. దాటి కాస్త వస్తే 3.25 సూది, 13 దగ్గర వస్తే 4, 16 దగ్గర వస్తే 5, 19 దగ్గర వస్తే 6. దారం మందం వల్ల అర సెం.మీ. అటూఇటూ అవుతుంది, దానికి కంగారుపడక్కర్లేదు. మనం పట్టుకోవాల్సింది నాలుగా ఐదా అన్నదే.

క్రోషే సూదులైతే (కొనకు కొక్కెం ఉండేవి) గందరగోళం రెట్టింపు. అమెరికా పద్ధతిలో హెచ్-8 అని రాసి ఉంటే 5 మి.మీ., పాత బ్రిటిష్ 8 అయితే 4. నర్సాపురం వైపు లేసుకి వాడేలాంటి సన్నని స్టీలు సూదుల్లో అమెరికా 8 అంటే ఒకటిన్నర మి.మీ. దగ్గర. ఒకే అంకె మూడు సైజులు. అక్కడ అంకె వైపు చూడనే వద్దు. పనిలో పనిగా ఇంకోటి చూసుకోండి: బ్రిటిష్ ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే అన్నది అమెరికన్ సింగిల్ క్రోషేనే. ప్యాటర్న్‌లో ఎక్కడైనా సింగిల్ క్రోషే అనే మాట కనిపిస్తే అది అమెరికాది. టోపీ మరీ పొడుగ్గా వచ్చిందంటే ముందు ఇక్కడే చూడాలి.

సగం అల్లేశాక తప్పు సూదని తెలిసింది. విప్పాల్సిందేనా?

వలలా వస్తే విప్పి సరైన సూదితో అల్లడమే. బిగువుగా వచ్చినా విప్పాల్సిందే గానీ, అదే సూదితో మళ్లీ అల్లే దారి ఒకటి ఉంది. పై లెక్కే తీసుకోండి, 18 బదులు 22 వస్తున్నాయి. అదే ప్యాటర్న్‌లో 110 సెం.మీ. సైజుకి 198 లూపులు ఉంటాయి. మీ బిగువుకి ఆ 198 సరిగ్గా 90 సెం.మీ. అవుతాయి. అంటే లూపులు పెద్ద సైజువి తీసుకుని, పొడవు మాత్రం మీకు కావలసిన సైజుదే టేపుతో కొలుచుకుంటూ అల్లాలి. వరసలు లెక్కపెడితే మళ్లీ పొట్టి అవుతుంది. చేతిలో ముక్క అట్టలా గట్టిగా ఉంటే మాత్రం ఈ దారి వద్దు. లెక్క కుదిరినా వేసుకునేవాళ్లు ఒక్కరోజు వేసుకుని బీరువాలో పెట్టేస్తారు.

సూది సరైనదే, శాంపిల్ సరిపోయింది, అయినా తేడా వచ్చింది

శాంపిల్ వెనక్కీ ముందుకీ అల్లి, అసలు వస్తువును గుండ్రటి సూది మీద అల్లారా? చాలామందికి పర్ల్ వరస కాస్త వదులుగా వస్తుంది. గుండ్రంగా అల్లేటప్పుడు పర్ల్ వరసలే ఉండవు కాబట్టి మొత్తం బిగుస్తుంది. టోపీకి శాంపిల్ గుండ్రంగానే అల్లుకోవాలి.

ప్లై చూసి ఊలు మార్చారా? 4 ప్లై అంటే నాలుగు పోగులన్న అర్థంలో కొన్ని లేబుళ్ల మీద ఉంటుంది, మందం కొలతగా ఇంకొన్నిటి మీద ఉంటుంది. 100 గ్రాములకు ఎన్ని మీటర్లో చూడండి. 200 నుంచి 250 అయితే డీకే (మధ్యరకం) మందం, 350 దాటితే సన్నది.

ఉతికాక సాగిందా? నూలు సాగుతుంది, మెషీన్‌లో ఉతకొచ్చని రాసి ఉన్న ఉన్ని కూడా సాగుతుంది. శాంపిల్‌ను కూడా ఉతికి ఆరబెట్టి కొలిస్తే ముందే తెలిసిపోయేది. మామూలు ఉన్నిని వేడినీళ్లలో వేసి, ముడుచుకుని మందంగా దుప్పటిగుడ్డలా అయితే దానికి ఇక మందు లేదు.

ఇస్త్రీ చేశారా? మన దగ్గర అమ్ముడయ్యే ఊలులో చాలావరకు అక్రిలిక్కే (కృత్రిమ దారం). విదేశీ వీడియోల్లో ఆవిరి పెట్టి సర్దడం చూపించేది ఎక్కువగా ఉన్నికి. అక్రిలిక్ మీద వేడి పెట్టె ఆనించగానే లూపుల్లో ఉన్న సాగే గుణం పోతుంది, రిబ్బు అంచు (సాగేలా చారలుగా అల్లిన అంచు) మళ్లీ దగ్గరకు రాదు, బట్ట జారుతూ మెరుస్తుంది. విప్పి మళ్లీ అల్లినా అదే తీరు. ఇస్త్రీ బండికి మిగతా బట్టలతో కలిపి ఇచ్చేయకుండా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. చల్లనీళ్లతో తడిపి, టవల్ మీద ఆకారంలో పరిచి ఆరబెడితే చాలు.

వేర్వేరు లాట్ (రంగు వేసిన విడత) ఉండలు కలిశాయనో, వానాకాలం చెమ్మ అనో, సూది కంపెనీ కొలత తప్పు వేసిందనో అనుమానాలు తెస్తుంటారు. లాట్ మారితే రంగు చార వస్తుంది గానీ సైజు మారడం అరుదు. మిగతా రెండింటి గురించి ఆలోచించడం కూడా దండగ.

విప్పిన ఊలు వంకీలతోనే మళ్లీ అల్లితే లూపులు ఎగుడుదిగుడుగా వస్తాయి, శాంపిల్ కొలత కూడా తప్పుతుంది. కుర్చీ వీపుకి చుట్టలా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా దారం కట్టి, చల్లనీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా టవల్‌లో ఒత్తి, నీడలో దండెం మీద వేలాడదీయండి. ఆరాక ఉండ చుట్టేటప్పుడు బిగించి లాగకండి.