అమెరికా ప్రెసిడెంట్ డిబేట్ చూసి మనిషిని అంచనా వేయడం ఎలా

ఈ డిబేట్లు మామూలుగా అక్కడ రాత్రి తొమ్మిదికి మొదలవుతాయి, సెప్టెంబర్ అక్టోబర్లలో అయితే మనకి మర్నాడు పొద్దున్న ఆరున్నర, అంటే విజయనగరంలో పాల ప్యాకెట్ కత్తిరించి టీ పెట్టుకునే టైమ్, కాబట్టి లైవ్ చూడ్డానికి పెద్ద కష్టమేం లేదు. మా పెద్దమ్మ కొడుక్కి అక్కడ సిటిజన్‌షిప్ వచ్చీసింది, డిబేట్ అయిన రోజు ఫోన్ చేసి "ఒరే తమ్ముడూ, ఏటనిపించింది రా నీకు?" అంటాడు. ఓటు ఆయనది, తలనొప్పి నాది. అందుకే చూడ్డానికి ఓ పద్ధతి పెట్టుకున్నాను.

ముందు వాట్సాప్ క్లిప్పులు పక్కన పడేయండి. గంటన్నర మొత్తం చూడాలి, లైవ్ కుదరకపోతే సీ-స్పాన్ అనే అమెరికా ఛానెల్ వాళ్ళు యూట్యూబ్‌లో పూర్తి వీడియోలు పెడతారు. డిబేట్ అవ్వగానే వచ్చే విశ్లేషకుల గోల అసలొద్దు, మన న్యూస్ ఛానెళ్ళలో నాలుగు కిటికీల్లోంచి నలుగురు ఒకేసారి అరుచుకోవడం చూసి చూసి ఉన్నాం కదా, అక్కడా అదే వరస, కాస్త సూటు బాగుంటాది అంతే.

మనిషి స్వభావం చూడాలంటే మాట్లాడేవాణ్ణి కాదు, పక్కన వింటున్నవాణ్ణి చూడండి. 2000లో బోస్టన్ డిబేట్‌లో బుష్ మాట్లాడుతుంటే ప్రత్యర్థి అల్ గోర్ మైకులోకి వినపడేలా నిట్టూర్పులు విడిచాడు, విషయం ఎంత తెలిసినా జనానికి అదే గుర్తుండిపోయింది. 1992లో ఆ బుష్ తండ్రి, పెద్ద బుష్, వాచీ చూసుకున్నాడని ఇప్పటికీ చెప్తారు, నాకైతే వాచీ కంటే ఆ తర్వాత జరిగిందే ముఖ్యం. దేశం అప్పు వల్ల మీకు సొంతంగా ఏం ఇబ్బంది వచ్చిందని ప్రేక్షకుల్లోంచి ఒకావిడ అడిగితే ఆయనకి ప్రశ్నే సరిగ్గా అందలేదు, ప్రత్యర్థి క్లింటన్ మాత్రం ఆవిడ దగ్గరికి నడిచెళ్ళి నీకేం ఇబ్బందైందో చెప్పమని తిరిగి ఆవిడనే అడిగాడు. అది కొంత నటన కూడా అయ్యుండొచ్చు, కానీ ప్రశ్న విన్నాడు కదా.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది తప్పు దొర్లాక ఏం చేశాడన్న దానికి. 1976లో అప్పటి ప్రెసిడెంట్ ఫోర్డ్, తూర్పు ఐరోపా మీద సోవియట్ పెత్తనం లేదనీశాడు. అడిగిన విలేకరి మాక్స్ ఫ్రాంకెల్‌కే నమ్మబుద్ధి కాక మళ్ళీ అడిగాడు, అంటే సర్దుకోడానికి చేతికిచ్చిన అవకాశం, ఈయన సర్దుకోకపోగా యుగోస్లావియా, రుమేనియా, పోలండ్ అని దేశాల పేర్లు చెప్పి మరీ అదే మాట మీద నిలబడ్డాడు. నోరు జారడం ఎవరికైనా అవుతాది, రెండోసారి అడిగినప్పుడు కూడా దిగిరాకపోతే ఆఫీసులో కూర్చున్నాక సలహాదారులు చెప్పినా వింటాడా అని నాకు డౌటు.

ప్రశాంతంగా ఉన్నవాడే మంచోడు అనుకోవద్దు, అలా అని రాయిలా ఉన్నాడని తీసిపారేయొద్దు కూడా. 1988లో పోటీలో ఉన్న డుకాకిస్‌ని, మీ భార్యని ఎవరైనా రేప్ చేసి చంపితే అప్పుడైనా మరణశిక్ష కోరుకుంటారా అని మొదటి ప్రశ్నే వేశారు, ఆయన ఏ కోపం లేకుండా కోరుకోనని చెప్పి తన పాత వాదనే చెప్పాడు. జనం మంచుగడ్డ అన్నారు. నా లెక్కలో మాట మీద నిలబడ్డందుకు ఫుల్ మార్కులు, ఎదుటివాళ్ళ మనసు పట్టుకోవడంలో సున్నా. రెండూ వేర్వేరు కాలమ్‌లలో వేసుకోవాలి.

2024 జూన్‌లో బైడెన్ తడబడ్డప్పుడు కూడా ఇదే, అది ఒంట్లో ఓపిక సంగతి, స్వభావం సంగతి కాదు, ఓపిక అవసరం లేదని కాదు గానీ దానికి మూడో కాలమ్.

నమ్మొచ్చా లేదా అన్నది మాత్రం వీడియోలో తేలదు, ట్రాన్స్‌క్రిప్ట్ చదవాలి. గొంతు, నవ్వు, టై రంగు ఏవీ ఉండవు కాబట్టి మొదటి రెండు వాక్యాల్లో జవాబుందా లేదా అన్నది ఇట్టే తెలిసిపోతాది. 1984లో రీగన్‌ని వయసు గురించి అడిగితే, ప్రత్యర్థి కుర్రతనాన్ని, అనుభవం లేకపోవడాన్ని నేను వాడుకోను అన్నాడు, ఆ ప్రత్యర్థి మాండేల్ కూడా పగలబడి నవ్వాడు, నవ్వులో అసలు ప్రశ్న కాస్తా పోయింది. జోక్ అదిరింది, జవాబు కాలమ్ దాదాపు ఖాళీ.

అంకెలు, ఆరోపణలు వచ్చినచోట గీత గీసుకుని తర్వాత చెక్ చేసుకోండి, యాంకర్ చెప్పాడు కదా అని వదిలేయొద్దు. 2024 సెప్టెంబర్లో ట్రంప్, ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళో వలస వచ్చినవాళ్ళు కుక్కల్ని తింటున్నారంటే అలాంటి నమ్మదగ్గ ఫిర్యాదేం లేదని సిటీ మేనేజర్ చెప్పారని యాంకర్ అక్కడే అన్నాడు, అది సూటిగా ఉంది. 2012లో లిబియాలో అమెరికా కాన్సులేట్ మీద జరిగిన దాడి గురించి యాంకర్ క్యాండీ క్రౌలీ మధ్యలో కల్పించుకున్నప్పుడు ఒబామా దాన్ని ఉగ్రవాద చర్య అన్నాడనీ చెప్పింది, ప్రత్యర్థి రామ్నీ చెప్పినదాంట్లోనూ కొంత నిజముందనీ చెప్పింది, జనం ఎవరికి కావలసిన సగం వాళ్ళు పట్టుకుపోయారు.

చివరగా రెండ్రోజులాగి, మీకు బాగా నచ్చినవాడి బాగా నచ్చిన జవాబొకటి తీసి, అదే మాట అవతలివాడు అనుంటే ఎన్ని మార్కులు వేసేవారో పక్కన పెన్సిల్‌తో రాయండి. మా అన్న ఈ ఒక్క పనీ చెయ్యడు.